నలభై దాటితేనే పట్టే స్విచ్

జల్‌పల్లి,
ఆషాఢంలో సోమవారం.

జలాల్ భాయ్‌కి రాజన్న సలాం. ఇక్కడ నా కుడి మోకాలు తప్ప మిగతా అందరం క్షేమం. అక్కడ నువ్వు, ఇక్బాలున్నీసా భాభీ, అలీనా బిడ్డ కులాసాగా ఉన్నారనుకుంటాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. నీకు ఫోన్ చేస్తే నీ చేతులకు గ్రీజు ఉంటుంది, పక్క షాపులో రేకులు కొడుతుంటారు. పోయినసారి అద్దం సంగతి చెబితే వైపర్ మార్చి పంపావు. డిపోలో ఉన్నప్పుడు బస్సుకు ఏ రోగమొచ్చినా కాగితం మీద రాసి మెకానిక్ చేతికి ఇచ్చేవాణ్ని. కాగితం ఉంటే ఎవరూ మాట మార్చలేరు. మాకు గౌలిపుర నుంచి పాలు తెచ్చే ఆగయ్య మీ పురానాపూల్‌లో కూడా పోస్తాడు, రోజూ నీ షెడ్డు ముందు నుంచే పోతాడు కనుక పోస్టు డబ్బా వెతుక్కునే పని కూడా లేదు.

అసలు సంగతికి వస్తాను. నా కారు స్టీరింగుకు కుడి పక్కన క్రూజ్ కంట్రోల్ స్విచ్ ఉంది కదా, దాని బొత్తాం లోపలికి కుంగిపోయి పైకి రావడం లేదు. అది నొక్కితే బండి ఆ వేగం పట్టుకుని దానంతటదే పోతుంది, కుడి కాలితో తొక్కే పని ఉండదు. బండి పాతదే, నాకంటే ముందు ఇంకెవరెవరో వాడి వదిలేసిందే. నేను మోజుపడి కొన్నది మాత్రం ఆ స్విచ్ చూసే. ఇప్పుడు డాక్టరమ్మ నా మోకాలు అటూ ఇటూ వంచి, "గంటలకు గంటలు తొక్కుడు బంద్ చెయ్యండి" అని తేల్చి చెప్పింది. అందుకని కాశమ్మతో ఒప్పందం చేసుకున్నాను. దసరాలోగా స్విచ్ పనిచేస్తే బండి ఉంటుంది. లేకుంటే మా గల్లీ బాబురావుకు అమ్మేస్తాను. ఆయన అప్పుడే రోజూ పొద్దున వచ్చి టైర్లు తన్ని చూసి పోతున్నాడు.

నీకు తెలియనిది కాదు. ఉద్యోగం ఉన్నంత కాలం శ్రీశైలం రూటులో బస్సు నడిపాను. కాశమ్మ నా బస్సు ఒక్కసారే ఎక్కింది, అదీ లేడీస్ సీట్లో, టికెట్టు కొనుక్కుని. నేను తిరిగిన రోడ్డంతా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చూపించాలని కొన్న బండి ఇది. అమ్ముకోవాలంటే ప్రాణం ఒప్పుకోవడం లేదు. బండి నీ షెడ్డులో పెట్టి వచ్చాను. స్విచ్ మార్చు.

ఇట్లు,
మోకాలు పట్టుకుని ఎదురుచూసే
రాజన్న

తా.క. బాబురావు మొన్న, "అన్నా, హారన్ గట్టిగ మోగుతదా?" అని అడిగాడు. పెళ్లిచూపుల్లో పిల్లను పాట పాడమన్నట్టుంది. నేను మోగించలేదు.


పురానాపూల్,
బోనాలు అయిపోయిన శుక్రవారం, నమాజ్ తర్వాత.

రాజన్నకు జలాలుద్దీన్ దువాలు. మేమంతా ఖైరియత్. నీ బండి కూడా ఖైరియత్.

ఆ చిన్న స్విచ్ విప్పాలంటే ముందు స్టీరింగు మధ్యలో ఉండే ఎయిర్‌బ్యాగ్ తీయాలి. అది తీయాలంటే ముందు బ్యాటరీ వైరు పీకి కాసేపు చేతులు కట్టుకుని కూర్చోవాలి, లేకుంటే మొహం మీద పేలుతుంది. జాగ్రత్తగా తీసి, ముందు వైపు పైకి ఉండేలా మా ఇంట్లో అల్మారా మీద పెట్టాను. అది అక్కడున్నంత కాలం ఇంట్లో ఎవరూ గట్టిగా తుమ్మలేదు. ఇక్బాలున్నీసా పాపం ఎండుమిర్చి లేకుండానే పప్పుకు బగారా పెట్టింది.

కొత్త స్విచ్ కంపెనీ షోరూంలో అడిగాను. కౌంటర్ మీద ఉన్నాయన నీ బండి మోడల్ వినగానే, చనిపోయిన వాళ్ల గురించి మాట్లాడేటప్పుడు పెట్టే మొహం పెట్టాడు. ఇక మనకు గురువారం గురువారం పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజారే గతి. మొదటి గురువారం అచ్చం అలాంటిదే దొరికింది. బిగించి నొక్కాను. బండిలో రేడియో గట్టిగా అరిచింది. అది పాటల స్విచ్. మరో గురువారం దాకా ఆగి, ఎక్కడో గుద్దుకుని తుక్కయిన అదే మోడల్ బండి స్టీరింగు మొత్తంగా తెచ్చి, దాని స్విచ్ ఊడదీసి నీ బండికి వేశాను.

తర్వాతి చిక్కు వేరు. ఇది నలభై దాటితేనే పట్టే స్విచ్. పురానాపూల్ నుంచి చార్మినార్ మీదుగా చాంద్రాయణగుట్ట దాకా వెతికాను, మీటరులో నలభై చూపించే జాగా ఒక్కటీ లేదు. పొద్దున పోతే పాల బండ్లు, మధ్యాహ్నం పోతే బడి ఆటోలు, సాయంత్రం పోతే పెళ్లి బరాత్. ఒకచోట నలభైకి దగ్గరగా వచ్చాను, మేక అడ్డొచ్చింది. మేక తప్పుకుంది కానీ మేక యజమాని తప్పుకోలేదు, చాయ్ తాగిపోవాలన్నాడు.

చివరికి ఔటర్ రింగు రోడ్డు ఎక్కాను. అరవైలో నొక్కాను. మీటరులో పచ్చ దీపం వెలిగింది. కాలు తీసేశాను. ఖుదా కసమ్, బండి దానంతటదే పోయింది! ఒక్క మాట గుర్తుంచుకో, వేగం అది చూసుకుంటుంది, స్టీరింగు మాత్రం మనమే పట్టుకోవాలి. వచ్చి బండి తీసుకుపో.

ఇట్లు,
నీ చిన్ననాటి గౌలిపుర బడి బెంచీ దోస్తు
జలాలుద్దీన్

తా.క. కాగితం మీద ఉన్న నల్లటి వేలిముద్రలు నావే. మాట మార్చనని గ్యారంటీ.


జల్‌పల్లి,
మంగళవారం.

జలాల్ భాయ్‌కి రాజన్న. క్షేమాలు అడగడానికి ఇవాళ మనసు బాగాలేదు, నువ్వే క్షేమంగా ఉన్నావనుకో.

ఆదివారం కాశమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఔటర్ ఎక్కాను. ఆమె కొత్త చీర కట్టింది, పులిహోర కట్టుకుంది. అరవైలో నొక్కాను. పచ్చ దీపం రాలేదు. డెబ్బైలో నొక్కాను. వెలిగినట్టే వెలిగి ఆరిపోయింది. "గట్టిగ నొక్కు" అంది కాశమ్మ. నొక్కాను. "మెల్లగ నొక్కు" అంది. అలాగూ నొక్కాను. శంషాబాద్ దాకా కాలింగ్ బెల్లు నొక్కినట్టు నొక్కుతూనే ఉన్నాను, లోపల ఎవరూ పలకలేదు.

తిరుగుదారిలో కాశమ్మ, "పోనియ్ తియ్యి, బాబురావుకే ఇద్దాం. నువ్ రంది పెట్టుకోకు" అంది. ఆమె జాలిపడితే నాకు మోకాలి నొప్పికంటే ఎక్కువ నొప్పి. పులిహోర డబ్బా మూత తీస్తూ, "పోనీ నేను నేర్చుకోనా?" అంది. అంత బాధలోనూ నవ్వాగలేదు. నాకు దగ్గొచ్చేదాకా నవ్వాను. ఆమె పులిహోర డబ్బా మూత పెట్టేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

నువ్వు నిజంగా స్విచ్ మార్చావా? మార్చినదాన్ని మళ్లీ మార్చావా? బండి నిన్ననే పంపేశాను. బాగైతేనే తిరిగి పంపు.

ఇట్లు,
వేలు వాచిన
రాజన్న

తా.క. ఇంటి ముందు ఖాళీ జాగా చూసి బాబురావు, "ఎవనికన్న అమ్మినవా అన్నా?" అని ఏడుపు మొహం పెట్టాడు. అలిగిన వాణ్ని సముదాయించడానికి కాశమ్మ మిగిలిన పులిహోర పెట్టింది.


పురానాపూల్,
శ్రావణంలో శనివారం.

రాజన్నకు జలాలుద్దీన్ సలాం. నువ్వు లేకపోతే నీ బండికి ఏ బీమారీ లేదు.

నేను నడిపాను, స్విచ్ పట్టింది. అలీనాకు ఇచ్చాను, పట్టింది. మా తమ్ముడికి కారు నడపడం అంతంత మాత్రమే, వాడు నొక్కినా పట్టింది. వైర్లు చూశాను, బ్రేక్ కింద ఉండే స్విచ్ చూశాను, ఫ్యూజ్ తీసి ఊది పెట్టాను. అన్నీ సాఫ్. ఈ బండికి నీతోనే ఏదో లొల్లి ఉంది. మీ ఇద్దరి మధ్య ఏం జరిగిందో నువ్వే గుర్తు చేసుకో.

కొన్నాళ్లు బండి నా దగ్గరే ఉండనీ. వేరు వేరు మనుషులు నడిపితే తప్ప దీని సంగతి తేలదు. దసరాకు ఇంకా టైం ఉంది. ఏం ఫికర్ చేయకు.

ఇట్లు,
సగం మెకానిక్, సగం హకీం
జలాలుద్దీన్

తా.క. కాశమ్మ వదిన గౌలిపుర వచ్చి, పనిలో పనిగా షెడ్డు దగ్గరికీ వచ్చింది. "అన్నా, బండి నిజంగ బాగైతదా? గాయనకు బండి లేకుంటే పానం బట్టదు" అని అడిగింది. అవుతుందన్నాను. సర్వపిండి డబ్బా ఇచ్చిపోయింది. మస్తుగా ఉంది. నీకు పెట్టిందో లేదో తెలియదు కనుక ఇంతకంటే పొగడను.


జల్‌పల్లి,
వరలక్ష్మీ వ్రతం మర్నాడు.

జలాలుద్దీన్ గారికి రాజన్న వ్రాయునది. 'గారు' ఎందుకు వచ్చిందో చదువుతుంటే మీకే అర్థమవుతుంది.

గౌలిపురలో కాశమ్మ వాళ్ల అక్కకు ఒంట్లో బాగాలేదట, చూడ్డానికి కాశమ్మ రోజూ మధ్యాహ్నం పోతోంది. నేనొక్కణ్నే చల్లన్నం తింటూ కూర్చుంటే ఫోన్ టింగుమంటుంది. చూస్తే, మీ బండి తుక్కుగూడ టోల్ దాటింది అని మెసేజ్. మర్నాడు మళ్లీ తుక్కుగూడ. ఆ మర్నాడూ అదే. తుక్కుగూడ మాకెంత దూరమని? నా బండి మా బస్తీ పక్క నుంచి జాంజామ్మని పోతుంటే నేను మెయిన్ రోడ్డు మీద షేర్ ఆటో కోసం చెయ్యి ఊపుతున్నాను.

ఇదంతా ట్రయల్ అనుకుని ఓర్చుకున్నాను. నిన్న పోలీసుల చలానా వచ్చింది, ఫొటోతో సహా. రాంగ్ పార్కింగ్. బండి వెనక నుంచి తీసిన ఫొటో. వెనక అద్దం మీద ఎర్రటి ఎల్ అక్షరం! డ్రైవర్ కిటికీలోంచి ఒక ఆడమనిషి చెయ్యి బయటికి ఉంది, నిండా పచ్చ గాజులు. అలీనా బిడ్డ గాజులు వేసుకోదు. మరి ఎవరిదని కనుక్కోవాలి? శ్రావణమాసంలో ఊళ్లో ప్రతి ఆడమనిషి చేతికీ అవే గాజులు, మా కాశమ్మతో సహా.

నాకు అర్థమైపోయింది. మీరు నా బండిని డ్రైవింగ్ స్కూలుకు కిరాయికి తిప్పుతున్నారు. స్విచ్ ఎందుకు బాగవడం లేదో ఇప్పుడు తెలిసింది. బాగైతే బండి ఇచ్చేయాలి కదా! గౌలిపుర బడిలో నా పలక, నీ పలక అనకుండా కలిపి వాడుకున్నాం, నిజమే. కారు పలక కాదు.

ఇట్లు,
బండి ఉండీ ఆటోలో తిరిగే
రాజన్న

తా.క. అన్నేళ్లు ఒక్క కోడిపిల్లను కూడా తొక్కకుండా బస్సు నడిపిన వాడి బండికి ఎల్ బోర్డా? ఫొటో చూసి బాబురావు కూడా నాలుక కరుచుకున్నాడు.


పురానాపూల్,
గురువారం.

రాజన్నా, ఆ 'గారు' తీసెయ్. నీ నోట వింటే నాకెవరో కోర్టు నోటీసు ఇచ్చినట్టుంది.

కిరాయి కాదు, డ్రైవింగ్ స్కూలూ కాదు. దాచడం నాకు చేతకాదు కనుక సగం చెబుతాను. ఒకావిడ మా దగ్గరికి వచ్చింది. ఇంట్లో నడిపేవాడు కాస్త కుంటుబడ్డాడట. తను నేర్చుకుంటానని అడిగితే మొగుడు పగలబడి నవ్వాడట. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి అలీనా, "నేను నేర్పిస్త ఆంటీ" అనేసింది. ఔటర్ మీద అలీనానే నడుపుతుంది, పక్కనున్న సర్వీసు రోడ్డులో ఆవిడ నడుపుతుంది. నీ పెట్రోలు ఒక్క చుక్క వాడలేదు, చలానా నేను కట్టేశాను. పేరు చెప్పనని మాటిచ్చాను, అడగకు.

అసలు జబ్బు కనిపెట్టింది కూడా ఆమెనే. మొన్న ఔటర్ మీద అలీనా స్విచ్ వేసుకుని పోతుంటే, "ఎడమ కాలు కింద వెట్టినవేంది బిడ్డా? క్లచ్ మీద ఉండాల్నని నేననుకున్న" అంది. ఆ మాటతో నా బుర్రలో పచ్చ దీపం వెలిగింది. క్లచ్‌ను ఈగ వాలినంత తాకినా ఆ స్విచ్ వదిలేస్తుంది రాజన్నా, దాని పద్ధతే అది. నువ్వు ఎడమ కాలు క్లచ్ మీద నుంచి ఎప్పుడు తీశావు? ట్రాఫిక్‌లో బస్సు నడిపి నడిపి నీ పాదం అక్కడే కాపురం పెట్టింది. మా ఇంట్లో కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా నీ ఎడమ మడమ లేచే ఉంటుంది, నేను చూశాను. స్విచ్ మంచిది. కాలే మార్చాలి, అది జుమ్మేరాత్ బజారులో దొరకదు.

ఇట్లు,
నిజం చెప్పి భయపడుతున్న
జలాలుద్దీన్

తా.క. కోపమొస్తే కాలు నేలకేసి కొట్టు. కుడిది కాదు, ఎడమది.


జల్‌పల్లి,
అదే గురువారం, ఆగయ్యను గుమ్మం దగ్గర ఆపి.

జలాల్,

నా కాలును అంటావా? మోకాలిని అన్నా ఊరుకునేవాణ్ని, పాదాన్ని అన్నావు. డిపోలో అందరికంటే ఎక్కువ క్లచ్ ప్లేట్లు నా బస్సుకే మార్చేవారన్నది నిజమే, ఆ రూటు అలాంటిది.

నిమజ్జనం అయిపోయాక బండి పంపు. ఆ ఆదివారం కాశమ్మను సాక్షిగా పెట్టుకుని శ్రీశైలం రూటులో పోతాను. ఎడమ కాలు కింద పెట్టి చూపిస్తాను. అప్పుడూ దీపం నిలవకపోతే తిరిగొచ్చి నేరుగా బాబురావుకు తాళాలు, నీకూ నాకూ సలాం బంద్.

ఇట్లు,
రెండు కాళ్లూ అదుపులో ఉన్న
రాజన్న

తా.క. ఆ ఆడమనిషికి నేర్పడం మంచి పనే, అది కాదనను. పెళ్లాం నేర్చుకుంటానంటే నవ్విన ఆ మూర్ఖుడెవడో నా దగ్గరికి పంపు. పక్కన కూర్చోబెట్టుకుని నేను బుద్ధి చెబుతాను.


పురానాపూల్,
వినాయకుడు వెళ్లిన మర్నాడు.

రాజన్నకు సలాం. బండి కడిగి పంపుతున్నాను. ఎల్ బోర్డు పీకేశాను, ఇక దాని అవసరం లేదు. ఆవిడ టెస్టు పాసైంది.

ఇట్లు,
జలాలుద్దీన్

తా.క. ఆ మూర్ఖుడు ఆదివారం నీకు తప్పకుండా కనిపిస్తాడు. కొట్టకు. మనసు మంచిది.


శ్రీశైలం రోడ్డు, డిండి దగ్గర,
ఆదివారం.

జలాల్ భాయ్‌కి రాజన్న సలాం.

క్షేమ సమాచారాలకు ముందు ఒక మాట. బండి ఇప్పుడు అరవైలో పోతోంది. మీటరులో పచ్చ దీపం వెలుగుతోంది. నేను ఒళ్లో అట్ట పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. అక్షరాలు ఎంత కుదురుగా వచ్చాయో చూడు. గుండె పట్టుకోకు, స్టీరింగు వదిలేయలేదు. స్టీరింగు నా చేతిలో లేదు, అంతే.

పొద్దున నేనే నడిపాను. తుక్కుగూడ దాటాక ఎడమ కాలు తీసి కింద పెట్టి, స్విచ్ నొక్కాను. దీపం వెలిగింది! కాశమ్మ చప్పట్లు కొట్టింది. అంతలో ముందు ఒక లారీ కనబడింది. నేనేమీ చేయలేదు జలాల్, కాలు దానంతటదే లేచి క్లచ్ మీదికి పోయింది. దీపం ఆరింది. మళ్లీ నొక్కాను, ట్రాక్టర్ వచ్చింది, కాలు లేచింది. కాశమ్మ "దించు" అంటే దించుతుంది, గేదె కనబడితే లేస్తుంది. కందుకూరు దాటేసరికి కుడి మోకాలు కూడా సలపడం మొదలుపెట్టింది. ఇక నావల్ల కాలేదు. బండి పక్కకు ఆపాను. ఏడుపొచ్చింది, నీ దగ్గర దాచను. "బాబురావుకు ఫోన్ చెయ్" అన్నాను.

కాశమ్మ ఫోన్ తీయలేదు. దిగి, చుట్టూ తిరిగొచ్చి, నా పక్క తలుపు తెరిచింది.

"దిగు" అంది.

"ఎందుకు?"

"దిగి, అటు దిక్కు కూసో."

ఆమె కొంగు నడుముకు చుట్టుకుని నా సీట్లో కూర్చుంది. సీటు ముందుకు జరిపింది. అద్దం తన ఎత్తుకు దించుకుంది. నేనుండగా ఎన్నడూ ఎవరూ ముట్టని నా అద్దం! పర్సులోంచి లైసెన్సు తీసి నా ఒళ్లో పడేసింది. ఫొటోలో మొహం సీరియస్‌గా ఉంది.

"మా అక్కకు జరం లేదు, ఏం లేదు. మంచిగ తిని తిరుగుతుంది" అంది. "గా దినం నవ్వినవ్ గద. ఇప్పుడు నవ్వు."

నవ్వలేదు. నవ్వే మొహం ఎక్కడిది? ఆమె గేరు మార్చింది, బండికి తెలియకుండా మార్చింది. నేను డిపోలో చేరిన కొత్తలో అంత మెత్తగా మార్చలేదు. అరవై వచ్చాక బొటనవేలితో ఒక్కసారి నొక్కింది. గట్టిగానూ కాదు, మెల్లగానూ కాదు. దీపం వెలిగింది, నిలిచింది. ఆమె రెండు కాళ్లూ కింద పెట్టుకుని, పీట మీద కూర్చున్నట్టు కూర్చుంది.

నువ్వు పంపిన ఆ మూర్ఖుడు వచ్చాడు. పక్కనే ఎడమ సీట్లో ఉన్నాడు. చాలా బుద్ధి చెప్పాలనుకున్నాను కానీ మనిషి ముందే మెత్తబడిపోయాడు, వదిలేశాను. నీ మీద కోపం ఉంది, అది దిగేదాకా నీ ఇంట్లో బిర్యానీ తింటాను. అలీనా బిడ్డకు నా తరఫున ఒక చీర, కాదు, తను ఏది కట్టుకుంటే అది.

ఒక విచిత్రం చెబుతాను. అన్నేళ్లు ఈ రూటులో తిరిగాను. నాకు తెలిసిందల్లా గుంతలు, మలుపులు, చెయ్యెత్తే మనుషులు, అద్దంలో వెనక బండి. పక్కకు చూసే తీరిక ఒక్కనాడూ లేదు, వెనక అంత మంది ప్రాణాలుండేవి. ఇవాళ చూస్తున్నాను. డిండి అంటే నాకు చాయ్ హోటల్, బాత్రూం. ఇక్కడ నీళ్లు ఇంత దూరం పరుచుకుని ఉన్నాయని, నీళ్ల మీద తెల్లటి పిట్టలుంటాయని నాకు తెలియదు. నీళ్ల అంచున అది తాబేలా అంటే కాదు రాయి అంటోంది కాశమ్మ. ఆమెకు రోడ్డు చూపిస్తానని బండి కొన్నాను. ఆమెనే నాకు చూపిస్తోంది. బండి అమ్మడం లేదని బాబురావుకు నేనే చెబుతాను, పాపం పులిహోర పెట్టి చెబుతాను.

కాశమ్మ నా కాగితం వైపు చూడకుండానే అంటోంది: "గీ రాసుడు ఇంటికి వొయ్యి రాయొచ్చు. గా నీళ్లు దాటిపోతున్నయ్. బయటికి సూడు."

చూస్తున్నాను. కలం మూసేస్తున్నాను.

ఇట్లు,
కాశమ్మ గారి బండిలో పోతున్న
రాజన్న

తా.క. ఎడమ సీటు ముందు క్లచ్ లేదు. లారీ ఎదురొచ్చినప్పుడల్లా నా కాలు కింద పరిచిన చాపను నొక్కుతూనే ఉంది. కాశమ్మ చూసింది, ఈసారి తనే నవ్వుతోంది.